ఎడమకాలి చదువు



మీరు పట్టభద్రులగుచున్న ఇట్టి శుభదినమున ఋషులను, రాజనీతిజ్ఞులను స్మరించుట వక్తలకు పరిపాటి. నేను మాత్రము, హైదరాబాదులో బడిపిల్లలకు పాఠములు చెప్పి, పిదప భారత ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకులైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారిని స్మరింపగోరుచున్నాను.

ఆయన హైదరాబాదులో వింతపోటీలు నడిపెడివారు. ఒకదానిలో బంతిని డ్రిబ్లింగు చేయరాదు, వెంటనే తోడివానికి అందింపవలెను. మరియొకదానిలో వాటము లేని కాలితోనే తన్నవలెను. కుడివాటపు బాలు నొకనిని మీ కన్నులయెదుట నిలుపుకొనుడు. బంతి దొరలివచ్చుచున్నది, కుడికాలు తనంత తానే లేచి, నియమము జ్ఞప్తికి రాగా మరల నేలకు దిగుచున్నది, ఎడమకాలు తడబడుచు బంతిని అడ్డదిడ్డముగా నెట్టుచున్నది. విద్య యనగానే నాకు స్ఫురించు చిత్ర మిదియే.

1952లో హెల్సింకీ ఒలింపిక్సున, మనవారు పెక్కురు వట్టికాళ్లతోనే ఆడి, యుగోస్లావియా చేతిలో ఒకటికి పది గోల్సుగా ఓడిపోయిరి. నాలుగేండ్లకు మెల్‌బోర్నులో, నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేయగా, ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టుగా మన జట్టు నిలిచెను. అచట మరల ఎదురైనది ఆ యుగోస్లావియాయే. మనవారు ఓడిరి, కాని ఈసారి 4-1గా.

ఇక 1962, జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశము లేకుండుటను భారత ప్రతినిధి సోంధీ గారు ఆక్షేపించినందున, ఆ నగరవాసుల ఆగ్రహమంతయు మన ఆటగాండ్రపై పడెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. థాయిలాండుతో ఆడునపుడు రక్షణకు వెన్నెముకయైన జర్నైల్ సింగు తల పగిలి కుట్లు పడెను. మరియొకరైనచో అతనిని బెంచిపై కూర్చుండబెట్టియుందురు. రహీమ్ గారు అతనిని వెనుకనుండి తీసి దాడివరుసలో, సెంటర్ ఫార్వర్డు స్థానమున నిలిపిరి! ఆ కుట్లతోనే అతడు సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై గోలు చేసెను. సెప్టెంబరు 4న, సెనయాన్ మైదానమున లక్షమంది ఎగతాళి కేకల నడుమ, అదే కొరియాతో తుదిపోరు. సికింద్రాబాదు బిడ్డ బలరాము, హైదరాబాదు వాడైన యూసుఫ్ ఖాను ఆ జట్టులోనివారే. మనలను మెచ్చి కేకలు వేసినవారు కొలదిమంది. వారిలో, హాకీ ఫైనలులో మనలనే ఓడించిన పాకిస్తాను ఆటగాండ్రుండిరి. ఈ సంగతి తలచినప్పుడెల్ల నా హృదయము చెమ్మగిలును. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు మరియొకటి చేసిరి. 2-1తో స్వర్ణము మనదయ్యెను. పిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలున అది మరల మనకు దక్కలేదు.

అప్పటికే రహీమ్ గారి దేహమును క్యాన్సరు తొలుచుచుండెను. మరుసటి ఏడు జూనులో ఆయన గతించిరి. పతకములు ఆటగాండ్ర మెడలనే గాని శిక్షకుని మెడను వేయబడవు.

మీ చేత ఓనమాలు దిద్దించినవారిలో ఈ సభకు వచ్చినవారు ఎందరో నాకు తెలియదు. బ్రతికియున్నవారి గుమ్మమును, ఈ పట్టాను చేతబట్టుకొని, రేపో ఎల్లుండియో ఒకమారు ఎక్కిరండు.