పాత బ్యాటరీ, బోరు నీళ్లు, మానని పుండు

(పెండ్లిమర్రిలో జరిగిన రైతుసంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, పంటల బీమా మీద తీర్మానాలు మధ్యాహ్నం ఉన్నాయి. నేను మూడు సంగతులు చెప్తాను. ఇంట్లో మూలన పడేసిన పాత బ్యాటరీ ఒకటి, మనం తాగే బోరు నీళ్లు రెండోది, కాలికి నెలల తరబడి మానని పుండు మూడోది. వీటికి ఒకదానితో ఒకటికి సంబంధమేంది అంటారేమో. ఉంది, వినండి.

ముప్పై ఏండ్ల కిందట మన పల్లెల్లో బ్యాటరీ అంటే టార్చిలైటు సెల్లులు, రేడియో సెల్లులే. ఇప్పుడు లెక్కపెట్టండి. ట్రాక్టరుకు ఒకటి, మోటారు సైకిలుకు ఒకటి, మందు కొట్టే స్ప్రేయరుకు ఒకటి, ఇన్వర్టరుకు ఒకటి, అడవిపందులు రాకుండా పెట్టిన సోలార్ కంచెకు ఒకటి. చేతిలో సెల్‌ఫోను ఎట్లాగూ ఉంది. ఇవన్నీ రెండేండ్లకో, నాలుగేండ్లకో పాడవుతాయి. ఆ తర్వాత ఎక్కడికి పోతున్నాయి?

ట్రాక్టరు బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే ఉంటుంది. లోపలి నీళ్లు సల్ఫ్యూరిక్ యాసిడ్. మామూలు టార్చి సెల్లుకు డబ్బా జింకు, లోపలి నల్లపొడి మాంగనీసు డయాక్సైడు, నడుమ కడ్డీ బొగ్గు. సెల్‌ఫోను బ్యాటరీలో లిథియం, రాగి, గ్రాఫైటు ఉంటాయి.

వీటిని చెత్త అనుకోవద్దు. మాంగనీసు డయాక్సైడును నీళ్లలోని ఇనుమును తీసేసే ఫిల్టర్లలో ఎప్పటినుంచో వాడుతున్నారు. ఆర్సెనిక్‌ను ఫిల్టరుకు సులభంగా చిక్కే రూపంలోకి మార్చే గుణం కూడా దానికి ఉంది. పాత బ్యాటరీల నుంచి తీసిన గ్రాఫైటుతో నీళ్లలోని రంగులను, లోహాలను పట్టే పదార్థాలు తయారు చేయడానికి చాలా దేశాల ప్రయోగశాలల్లో పని జరుగుతోంది. జింకు ఆక్సైడు పుండ్లకు పూసే ఆయింట్‌మెంట్లలో ఉంటుంది. కాలిన గాయాలకు ఆస్పత్రిలో రాసే తెల్ల క్రీములో వెండి ఉంటుంది. కొన్ని చేతిగడియారం సెల్లుల్లో ఉండేదీ ఆ వెండే.

ఈ మాట విని ఎవరూ సెల్లు పగలగొట్టి నల్లపొడి నీళ్లలో కలపొద్దు, పుండు మీద చల్లొద్దు. ఆ పొడిలో వేరే రసాయనాలు, లోహాలు కలిసి ఉంటాయి. ఫ్యాక్టరీలో శుద్ధి చేసి, తూకం ప్రకారం వేస్తేనే అది మందవుతుంది, ఫిల్టరవుతుంది. యూరియా మోతాదు మించితే పైరు మాడిపోతుందని మనకు ఒకరు చెప్పాలా?

మన కాడ జరుగుతున్నది వేరే. పాత బ్యాటరీని వందో రెండొందలో ఎక్కువిస్తాడని ఎవరికో ఒకరికి అమ్ముతాం. కొందరు దాన్ని ఊరి బయట పగలగొట్టి, యాసిడ్ వంకలో పారబోసి, సీసం కరగబెడతారు. ఆ పొగ, ఆ బూడిద చేలల్లో పడుతుంది. ఆఫ్రికాలో సెనెగల్ దేశ రాజధాని డాకర్ పక్కన ఒక పేటలో ఇట్లాగే పాత బ్యాటరీల సీసం తీసేవాళ్లు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల ఆ పేటలో 18 మంది పసిబిడ్డలు చనిపోయారు. సీసానికి ఇంతవరకు ఒంటికి హానిలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అది పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, చదువు ఎక్కనీయదు.

నీళ్లలో సీసం కలిస్తే రంగు మారదు, వాసన రాదు. కాచినా పోదు. ఫ్లోరైడూ అంతే, కాచేకొద్దీ నీళ్లు తగ్గి అది చిక్కబడుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీళ్లలో సీసం 0.01 మిల్లీగ్రాము మించకూడదు. యురేనియం 0.03 మించకూడదు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే నీళ్లు లేకుంటే 1.5 వరకు. ఫ్లోరైడు తీయడానికి పటిక, సున్నంతో చేసే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ మన తెలుగు నేల పేరుతోనే నల్గొండ పద్ధతి అని ఇచ్చింది. శాస్త్రం పల్లెకు రాలేదని కాదు. వచ్చినదాన్ని నడిపించేవాళ్లు కావాలి.

మన పక్కనే వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, పంటలు దెబ్బతింటున్నాయని, ఒంటి మీద దద్దుర్లు, పుండ్లు లేస్తున్నాయని ఏండ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. మా వల్ల కాదని కంపెనీ అంటోంది. ఈ తగువు మాటలతో తేలదు. బోరు బోరుకూ పరీక్ష చేసి, ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించాలి.

ఇంక పుండు సంగతి. చక్కెర జబ్బు ముదిరితే పాదంలో స్పర్శ పోతుంది. కంపముల్లు దిగినా తెలియదు. తెలిసేసరికి చీము పడుతుంది. పసుపు పెడతాం, ఆకు పసరు పోస్తాం, పని వదలకుండా అదే కాలితో మడిలో దిగుతాం. చివరికి వేలు, ఆ తర్వాత పాదం తీయాల్సి వస్తుంది. కాబట్టి చక్కెర ఉన్నోళ్లు రోజూ రాత్రి పాదాలు వెలుతురులో చూసుకోండి. చెప్పులు లేకుండా చేలో దిగొద్దు. పుండును కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఆ కాలి మీద బరువు పెట్టకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ పొద్దే పెద్దాస్పత్రికి పోవాలి. బ్యాటరీ యాసిడ్ ఒంటి మీద, కంట్లో పడితే ఇరవై నిమిషాలు ఆగకుండా పారే నీళ్లతో కడిగి, ఆ తర్వాత ఆస్పత్రికి పోండి.

చట్టం మన పక్క ఉంది. 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించి రీసైకిలు చేయించే బాధ్యత తయారుచేసిన కంపెనీదే. వాటిని చెత్తలో కలపకుండా అప్పజెప్పే బాధ్యత మనది.

అందుకే ఈ సభ ముందు నాలుగు కోరికలు పెడుతున్నాను. ఒకటి, రైతు సేవా కేంద్రాల్లో పాత బ్యాటరీలు తీసుకునే ఏర్పాటు, సరైన ధరతో, రసీదుతో. రెండు, తాగునీటి బోర్లకు ఏడాదికి రెండుసార్లు పరీక్ష, అందులో సీసం, యురేనియం కూడా. మూడు, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలకొక రోజు పాదాల పరీక్ష, పుండ్లకు కట్టు. నాలుగు, కడపలో మన యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. పాత బ్యాటరీల పదార్థాలతో మన నీళ్లకు పనికొచ్చే ఫిల్టరు అవుతుందా కాదా, అక్కడి పంతుళ్లు పరీక్షించి మనకు తెలుగులో చెప్పాలి.

వీటిని తీర్మానంగా ఆమోదించి, వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇద్దాం. అంతవరకు ఒక్క బ్యాటరీ కూడా వంకలోకి పోకుండా చూసుకునే పని మన చేతిలోనే ఉంది. సెలవు.