చలికాలంలో తల వెంట్రుకల సంరక్షణ

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ పింఛను దయాధర్మం కాదు, హక్కు అని నిలబెట్టింది. ఆ సంగతి, కరువు భృతి సంగతి నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా వివరించారు. అంత పెద్ద విషయాల తర్వాత నేను నెత్తినూనె గూర్చి మొదలుపెడితే కొందరికి నవ్వు రావచ్చు. ముప్పై ఏండ్లు నర్సుగా పనిచేసిన దానిని. వయసు మళ్ళినవారికి ఇది చిన్న సంగతి కాదని వార్డులో చూశాను కనుకనే కార్యదర్శి గారు అడగగానే ఒప్పుకున్నాను.

మన అనంతపురం సీమ సంగతి మీకు తెలియనిది కాదు. పడమటి కనుమల చాటున ఉండి నైరుతి మేఘానికి దూరం, తూర్పు తీరానికి దూరమై ఈశాన్య వానకూ దూరం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. చలికాలం రాగానే పొడిగాలికి పెదవులు, మడమలు పగిలినట్లే వెంట్రుకా ఎండుతుంది. నెత్తి చర్మంలోని గ్రంథులు చిన్న వయసులో తమంతట తామే జిడ్డును ఊరిస్తాయి. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా ఆడవారికి ముట్లుడిగిన తర్వాత, ఆ ఊట తగ్గిపోతుంది. అందుకే అరవై దాటిన వెంట్రుక దువ్వెనకు గడ్డిపోచలాగా తగులుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు భావన ఉంది. నూనె రాస్తే వెంట్రుకకు తేమ వస్తుందనుకుంటాము. నూనెలో నీరెక్కడిది? వెంట్రుకకు తేమనిచ్చేది నీరే. ఆ నీరు త్వరగా ఆరిపోకుండా పైన మూత వేసేది నూనె. కాబట్టి ఎండిన తలపై గిన్నెడు నూనె కుమ్మరించే బదులు, స్నానం చేసి తుడుచుకున్న తర్వాత కాస్త తడి ఉండగానే అరచేతిలో నాలుగు చుక్కలు రుద్దుకుని కొసలకు పట్టించండి. గుణం మీకే తెలుస్తుంది.

ఏ నూనె అని అడుగుతారు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగి, కడిగినప్పుడు పోయే మాంసకృత్తులను కాపాడుతుందని 2003లో మన దేశంలోనే ఒక పరిశోధన వెలువడింది. చేసినది కొబ్బరినూనె అమ్మే కంపెనీ వారేనని కూడా గుర్తుంచుకోవాలి. అయినా నా అనుభవమూ అదే చెబుతుంది. చలి ఉదయాల్లో సీసాలో గడ్డకడితే ఎండలో పెట్టండి, పొయ్యిమీద వద్దు. మన జేజమ్మలు వాడిన ఆముదం మంచిదే గాని చిక్కన. కొబ్బరినూనెలో కొద్దిగా కలుపుకుంటే చాలు. బుడ్డల నూనె పండించే జిల్లా మనది, అది రాసుకున్నా తప్పు లేదు.

అసలు చిక్కు నీళ్ళతోనే. మన బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పన. అందులోని సున్నం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారి వెంట్రుకకు అంటుకుంటాయి. ఎంత కడిగినా జిడ్డు పోలేదని మళ్ళీ సబ్బు రుద్దుతాము, ఇంకా ఎండుతుంది. కుంకుడుకాయ, సీకాయలకు ఈ తెట్టు బాధ లేదు. ఆ పులుసు కంట్లో పడకుండా మాత్రం చూసుకోవాలి. షాంపూ వాడేవారు నెత్తి చర్మానికే రుద్దుకోవాలి, కొసలకు అక్కరలేదు. వారానికి ఒకటి రెండుసార్లు తలకు పోసుకుంటే చాలు. చివరి రెండు చెంబులు మాత్రం బోరునీళ్ళు కాకుండా చూడండి. పట్టిపెట్టిన వాననీరు గాని, శ్రీ సత్యసాయి పథకం కొళాయి నీరు వచ్చే ఊళ్ళలో ఆ నీరు గాని వాడండి. రెండూ లేకుంటే బోరునీళ్ళు కాచి, చల్లార్చి, పైన తేరినవి పోసుకోండి. గిన్నె అడుగున మిగిలే తెల్లటి పొడి చూస్తే నేను చెప్పింది నమ్ముతారు. కాచితే ఫ్లోరైడు మాత్రం పోదు సుమా, తాగే నీటి సంగతి వేరు. పొగలుకక్కే నీళ్ళు నెత్తిన పోసుకోవద్దు. ఉన్న కాస్త జిడ్డునూ అవి ఎత్తుకుపోతాయి.

నూనె గూర్చి నాకున్న పెద్ద భయం జారిపడడం. తలంటుకుని నూనె కాళ్ళతో బచ్చలింటి బండమీద అడుగుపెట్టి తుంటి విరిగి వచ్చిన వారెందరినో చూశాను. ఆ తర్వాత కొందరు మంచం దిగలేదు. గదిలో కుర్చీపై కూర్చుని నూనె పెట్టించుకోండి, అరికాళ్ళు తుడుచుకోండి, బండపై గోనెపట్టా వేయండి, గోడకు పట్టుకునే కడ్డీ వేయించండి. దాని ఖర్చు ఎముక ఆపరేషన్ ఖర్చులో ఎన్నో వంతు కాదు.

మగవారు తమకేమీ పని లేదనుకోవద్దు. బట్టతల చర్మమూ ఎండి పొట్టు రాలుతుంది, దానికీ రెండు చుక్కలు కావాలి. రంగు వేసుకునేవారు దురద పుడితే వెంటనే మానాలి.

ఇంకొక మాట కుటుంబ సభ్యులతో. మా వార్డుకు మంచంపట్టి వచ్చిన ఒక అవ్వ జుట్టు ఉండకట్టి బోనులాగా బిగిసిపోయి ఉండేది. భుజాలు పట్టేసి చేతులు పైకి లేవవు, ఇంట్లో దువ్వే తీరిక ఎవరికీ లేదు. కత్తిరించమన్నారు. ఆమె "వద్దమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. రాత్రి కొబ్బరినూనె ముంచి పెట్టి, మూడు రోజులు వేళ్ళతో కొసల నుంచి పైకి కొంచెం కొంచెంగా విడదీశాము. దువ్వెన ఆఖరున. పిలక జడే వచ్చింది, అయినా ఆమె అద్దం అడిగింది. మధుమేహం ఉన్నవారికి భుజం పట్టేయడం మామూలే. మీ ఇంట్లో అత్తగారో, అమ్మో దువ్వుకోవడం మానేస్తే బద్ధకమనుకోక చేయి ఎంతవరకు లేస్తుందో ఒకసారి చూడండి.

వెంట్రుకల పొడిదనంతో పాటు నీరసం, ఎక్కువగా చలివేయడం, మలబద్ధకం, ఒళ్ళు పెరగడం ఉంటే అది చలికాలపు దోషం కాకపోవచ్చు. థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. నెత్తిన పుండ్లు పడినా, జుట్టు గుండ్రంగా ఊడినా నూనెతో కాలం గడపక డాక్టరుకు చూపించండి.

సభ అనంతరం బయట చెట్టుకింద ఉంటాను. అడగదలచిన అక్కలు, అన్నలు మొహమాటపడక రావచ్చు. సెలవు.