సన్నాయి వాద్యకారుని బ్రతుకు తెరువు
(కొత్తపట్నం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కళను నమ్ముకుని బ్రతికేవారి సాధక బాధకాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. కళలు అరవై నాలుగు అంటారు. అన్నిటి గురించీ చెప్పే శక్తి నాకు లేదు, వినే ఓపిక మీకూ ఉండదు. కనుక మన దూదేకుల కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న ఒక్క సన్నాయి గురించే మనవి చేస్తాను. నెల జీతం లేకుండా, పిలిచిన చోటికి వెళ్ళి, ఇచ్చింది తెచ్చుకునేవాడి బ్రతుకు ఎలా ఉంటుందో దీన్ని బట్టే తెలుస్తుంది. బొమ్మలు వేసేవాడైనా, బోర్డులు రాసేవాడైనా, హరికథ చెప్పేవాడైనా కష్టం ఒక్కటే.

పత్తి పండే ఈ గుంటూరు, ప్రకాశం సీమలో దూది ఏకడం మన పెద్దల వృత్తి. యంత్రాలు వచ్చి ఆ పని తగ్గిపోయింది. సన్నాయి మాత్రం నిలిచింది. ఎంత ఎత్తున నిలిచిందో చెప్పాలంటే దూరం పోనక్కరలేదు. మన ఒంగోలు పక్కనే ఉన్న కరవదిలో 1924లో పుట్టినవారు షేక్ చిన మౌలానా సాహెబు. చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారు. అంతటితో తృప్తి పడక, తమిళదేశం వెళ్ళి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర తంజావూరు బాణీ సాధన చేశారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. 1999లో కన్నుమూశారు. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. వీరూ శ్రీరంగంలోనే ఉంటున్నారు.

ఇక్కడ మనం ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. మన గడ్డ మీద పుట్టిన విద్వాంసులు కావేరి ఒడ్డున ఎందుకు కాపురం పెట్టారు? విద్య కోసం అన్నది ఒక కారణం. కచేరీ పెట్టి, టిక్కెట్టు కొని, కూర్చుని నాదస్వరం వినే అలవాటు అక్కడ ఎక్కువ అన్నది రెండో కారణం. మన దగ్గర సన్నాయి అంటే పెళ్ళిలో వాయించేది. తాళి కట్టేటప్పుడు "గట్టిమేళం, గట్టిమేళం" అని కేకలు వేస్తాము. తక్కిన మూడు గంటలూ ఆయన ఏ రాగం వాయించాడో ఎవరికీ పట్టదు. వినేవాడు లేని చోట విద్యకు వెల కట్టేవాడెవడు?

ఇప్పుడు సంపాదన లెక్క చూద్దాం. పెళ్ళిళ్ళు ముహూర్తాలను బట్టి జరుగుతాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పని ఉండదు. మూఢం వస్తే మరికొన్ని వారాలు పోతాయి. మంచి ముహూర్తం నాడు ఒకేసారి పది ఊళ్ళ వాళ్ళు పిలుస్తారు, పోగలిగేది ఒక్క ఊరికే. మేళమంటే ఒక్కడు కాదు. సన్నాయిలు రెండు, డోళ్ళు రెండు, శ్రుతి, తాళం, వెరసి ఆరుగురు. లెక్క కోసం, ఏడాదికి నలభై అయిదు పెళ్ళిళ్ళు దొరికి, ఒక్కొక్కరి వాటా రెండు వేలు అనుకుందాం. మొత్తం తొంభై వేలు. పన్నెండు నెలలకు పంచితే నెలకు ఏడున్నర వేలు. అందులోనే ఛార్జీలు, పీకలు, వాద్యం బాగుచేయించడం. ఈ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టి, ముసలివాళ్ళకు మందులు కొనాలి.

దీనికి తోడు మధ్యవర్తి కమీషను. పెళ్ళివారు ఒప్పుకున్నదెంతో, మేళానికి చేరిందెంతో పైవాడికే ఎరుక. 2020లో సరిగ్గా ఉగాది నాడు, మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. శ్రీరామనవమి మేళాలు, వేసవి ముహూర్తాలు అన్నీ పోయాయి. జీతగాడికి జీతమన్నా వచ్చింది. నోటిమాట మీద బ్రతికే మేళగాడు ఎవరిని అడగాలి? అందుకే సన్నాయి వాయించే కుర్రాడంటే పిల్లనివ్వడానికి మనవాళ్ళే వెనకాడుతున్నారు. తండ్రి కూడా "నాతోనే పోనీలే" అని కొడుకును సెల్‌ఫోన్ షాపులో పెడుతున్నాడు. ఆ తండ్రిని తప్పు పట్టే హక్కు మనకు లేదు.

మరి చేయవలసిందేమిటి? వాద్యకారులకు నా మనవి. బయానా తీసుకునేటప్పుడే కాగితం మీద తేదీ, ఊరు, మొత్తం, పెళ్ళి ఆగిపోతే బయానా ఎవరిదో రాయించుకోండి. సీజనులో వచ్చిన దాంట్లో కొంత ఖాళీ నెలలకని బ్యాంకులో వెయ్యండి. రాత్రిళ్ళు వ్యానుల్లో తిరిగే పని మీది. పద్దెనిమిది నుంచి డెబ్భై ఏళ్ళ వారికి ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ఏడాదికి కట్టేది ఇరవై రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి రెండు లక్షలు. అరవై దాటిన పేద కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు ఆరు వేల దాకా సాయం ఇచ్చే పథకమూ ఉంది. దానికి కళలో పని చేసినట్టు రుజువులు కావాలి. కనుక కరపత్రాలు, ఆహ్వానాలు, సన్మాన పత్రాలు పెట్టెలో దాచుకోండి. చిత్తు కాగితాలని పారేయకండి.

సంఘం పెద్దలకు రెండు మనవులు. ఈ దరఖాస్తులు నింపడానికి చదువుకున్న కుర్రాళ్ళను ఇద్దరిని ఏర్పాటు చెయ్యండి. ఆషాఢంలో వడ్డీ లేకుండా చేబదులు ఇచ్చి, మాఘంలో తిరిగి తీసుకునే చిన్న నిధి ఒకటి పెట్టండి. వడ్డీ వ్యాపారి దగ్గర సన్నాయి తాకట్టు పడితే, ముహూర్తాలు వచ్చినా వాయించేందుకు ఏముంటుంది?

తక్కిన మనందరికీ ఒక మాట. "గుళ్ళో వాయిస్తారేమిటి?" అని దెప్పడం మానుదాం. శ్రీరంగంలో ఉండి చిన మౌలానా సాహెబు తన పేరూ మార్చుకోలేదు, తన విద్యా మానుకోలేదు. రెండూ ఆయనకు గౌరవమే తెచ్చాయి. ఏడాదికి ఒక్కసారైనా ఈ సభలో గంటసేపు సన్నాయి కచేరీ పెట్టి, శాలువాతో సరిపెట్టకుండా, మాట్లాడుకున్న సొమ్ము చేతికిచ్చి పంపుదాం. శాలువా చలికి పనికొస్తుంది, ఆకలికి పనికిరాదు.