బండి మానాలా? ఎప్పుడు మానాలి?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని నాలుగు మాటలు చెప్పమన్నారు. పిల్లల చదువులను గురించి, ఉపకార వేతనాలను గురించి చెప్పడానికి మాకంటే తెలిసినవారు వేదిక మీదనే వున్నారు. కాబట్టి మేము మన ఇళ్ల ముందర నిలబడివుండే ఒక వస్తువును గురించి మాట్లాడదలచుకొన్నాము. అది మోటారు సైకిలు. వయసు మీరిన తరువాత దాన్ని నడపవచ్చునా, మానుకోవాలా, మానుకొంటే ఎప్పుడు? ఇదీ విషయం. నవ్వుకొనేవారు నవ్వుకోండి గాని, పెద్దవాళ్లున్న ఏ ఇంట్లోనైనా ఈ తగాదా రాలేదంటే మేము నమ్మము.

మేము అంటే నలుగురం. మాట్లాడేది ఒక నోరే అయినా మాట నలుగురిది. ఒకరు బడిపంతులుగా రిటైరైనవారు, ఒకరు పోస్టాఫీసులో చేసినవారు, ఒకరిది బట్టల కొట్టు, ఒకరు లారీల మెకానిక్కు. నలుగురికీ అరవై దాటింది. ముప్పై ఏళ్లకు పైగా సంఘం పనుల మీద గుంటూరు నుంచి తెనాలి, పొన్నూరు, చిలకలూరిపేట, నరసరావుపేట రోడ్లన్నీ తిరిగాము. ఉపకార వేతనాల ఫారాలు పంచాలన్నా, ఆసుపత్రిలో రక్తం ఇచ్చేవాడిని వెంటబెట్టుకొని పోవాలన్నా, అర్ధరాత్రి జనాజా కబురు చెప్పాలన్నా బండే మాకు కాళ్లు. ఒకరిది మద్రాసులో తయారైన బుల్లెట్టు. ఇంకొకరిది మైసూరులో తయారైన యెజ్డీ. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చిన తరువాత పెట్రోలు తక్కువ తాగుతుందని మిగతా ఇద్దరూ దానికి మారారు. బండి మాకు షోకు కాదు. అది లేకపోతే ఈ సంఘం పని సగం జరిగేది కాదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, బండి మానమనగానే మాకు ప్రాణం ఎందుకు చివుక్కుమంటుందో తెలియాలని చెబుతున్నాము.

ఇక అసలు సంగతి. పోయిన మిరపకాయల సీజనులో మాలో బుల్లెట్టు నడిపే పెద్దమనిషి మనుమడిని వెనుక కూర్చోబెట్టుకొని నరసరావుపేట వైపు నుంచి వస్తున్నారు. పాత బుల్లెట్టు అప్పటికే అమ్మేశారు. ఆ రోజు తీసుకొని వెళ్లింది కొడుకు కొత్త బండి. మగ్రిబు దాటి చీకటి పడింది. ముందు యార్డుకు మిరప టిక్కీలు వేసుకొని పోతున్న ట్రాక్టరు వున్నట్టుండి ఆగింది. ట్రక్కు వెనుక దీపం లేదు. ఆయన బ్రేకు తొక్కారు. బండి ఆగలేదు.

ఎందుకు ఆగలేదో బుల్లెట్టు నడిపినవారికి చెప్పనక్కర లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాము. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద వుండేవి. ఇప్పటి బండ్లకు గేరు ఎడమ, బ్రేకు కుడి. మామూలుగా నడిపేటప్పుడు ఆయనకు ఆ తేడా బాగానే గుర్తుంటుంది. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో మాత్రం బుద్ధికంటే ముందు కాలు కదిలింది. అది ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ ఎడమకాలే. ఆ కాలు కింద వున్నది గేరు. బండిని మార్జినులోకి తిప్పబోయి పడ్డారు. ఆయనకు మెడ దగ్గరి ఎముక విరిగింది. హెల్మెట్టు పగిలింది గాని తల దక్కింది. పిల్లవాడికి మోచెయ్యి గీరుకొనిపోయింది, అంతే. అల్హందులిల్లాహ్. కాని ఆ పిల్లవాడి తల మీద హెల్మెట్టు లేదు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మా నలుగురిలో ఎవరికీ మాట రాలేదు.

కొడుకు వచ్చాడు. కోపంలో వున్నాడు. "అబ్బా, ఇక చాలు. ఇకమీదట మీరు తాళం ముట్టుకోవద్దు" అన్నాడు. ఆయన గోడవైపు తిరిగి పడుకొన్నారు. అప్పుడు మనుమడు మంచం దగ్గరికి వచ్చి, "దాదా, మరి రేపు నన్ను బడికి ఎవరు దింపుతారు?" అన్నాడు. ఆ మాటకు అక్కడున్న పెద్దవాళ్లలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

మేము ఈ సభలో చెప్పదలచుకొన్నదంతా ఆ రెండు మాటల్లోనే వుంది. కొడుకు అన్నదీ నిజమే. మనుమడు అడిగిందీ నిజమే. రెండింటికీ జవాబు చెప్పకుండా చేసే నిర్ణయం నాలుగు రోజులు కూడా నిలవదు.

ముందు కొడుకు మాట. కేంద్ర ప్రభుత్వం వేసిన లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా మోటారు సైకిళ్లు, స్కూటర్ల మీద పోయేవారే. హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది అయితే, అందులో వెనుక కూర్చున్నవారే 14,337 మంది. మా పిల్లవాడు ఆ లెక్కలో చేరవలసినవాడే. ఇంకొకటి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. కుర్రవాడికంటే మనకు చెయ్యి ఒక్క సెకను ఆలస్యంగా ఆడితే, బ్రేకు పడేలోగా ఒక ఇల్లు దాటిపోతాము. అనుభవం వున్నది కదా అంటాము. అనుభవం ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడానికి పనికివస్తుంది గాని, కంటి చూపును వెనక్కి తేలేదు. మా మిత్రుని విషయంలో ఆ అనుభవమే ఎడమకాలు తొక్కించింది.

అలాగని అరవై రాగానే అందరూ దిగిపోవాలా? చట్టం కూడా ఆ మాట అనలేదు. 55 దాటినవారికి లైసెన్సు ఐదేసి ఏళ్లకే ఇస్తారు, వైద్యుని సర్టిఫికెట్టు అడుగుతారు. ఆ ఫారంలో వైద్యుడు జవాబు చెప్పవలసిన ప్రశ్నలుంటాయి. పట్టపగలు 25 మీటర్ల దూరం నుంచి కారు నెంబరు ప్లేటు కనిపిస్తుందా? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా? రేచీకటి వున్నదా? హారన్ వినబడనంత చెవుడు వున్నదా? నిజం చెప్పుకొందాం. ఆ ఫారం మీద ఎవరో సంతకం పెడితే తెచ్చుకొన్నవాళ్లమే గాని, ఆ ప్రశ్నలు మనల్ని మనం ఎన్నడూ అడుగుకోలేదు.

ఈసారి అడుగుకొన్నాము. ఒక శుక్రవారం నమాజు అయిన తరువాత వీధిలో 25 మీటర్లు టేపుతో కొలిచి, ఒకరి తరువాత ఒకరు నిలబడి నెంబరు ప్లేటు చదివాము. వాటికి మా సొంత ప్రశ్నలు మరికొన్ని చేర్చాము. మెడ తిప్పి వెనుక వచ్చే బండిని చూడగలుగుతున్నామా? క్లచ్చి పట్టి పదిసార్లు నొక్కితే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? పడిన బండిని లేపి స్టాండు వేయగలమా? షుగరు మందు వేసుకొని తిండి ఆలస్యమైతే కళ్లు తిరుగుతున్నాయా? రాత్రి మందు మత్తు పొద్దున దాకా వుంటున్నదా? ఈ ఆరు నెలల్లో ఎన్నిసార్లు "అబ్బ, తప్పింది" అనుకొన్నాము? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు భార్యను అడగాలి. వెనుక కూర్చొనేది ఆమె. ఆమెకు లెక్క తెలుసు.

ఫలితం చెబుతాము. బుల్లెట్టు పెద్దమనిషి ఎవరూ చెప్పకుండానే మానేశారు. బట్టల కొట్టు ఆయనకు శుక్లాలు వున్నాయని తేలింది. ఎదుటి బండి లైటు పడితే రోడ్డు కనిపించడం లేదట, రెండేళ్ల నుంచి ఇంట్లో చెప్పలేదు! ఆపరేషను అయి, డాక్టరు సరే అనేదాకా బండి ముట్టుకోనని మాట ఇచ్చారు. యెజ్డీ నడిపే పోస్టాఫీసు ఆయనకు చూపు బాగానే వుంది, మోకాళ్లు బాగాలేవు. యెజ్డీ అమ్మి గేర్లు లేని స్కూటరు కొన్నారు. పగటిపూట, ఊళ్లో వరకే. నాలుగోవారికి ప్రస్తుతానికి ఏ లోపమూ తేలలేదు. ఆయన నడుపుతారు, కాని ప్రతి ఏడూ ఇదే పరీక్షకు నిలబడాలి. అంటే నలుగురిలో పూర్తిగా మానింది ఒక్కరే. మానడం, మానకపోవడం అని రెండే దారులు లేవు. రాత్రి మానవచ్చు, హైవే మానవచ్చు, వెనుక పిల్లలను ఎక్కించుకోవడం మానవచ్చు.

"రాసిపెట్టింది జరుగుతుంది, భయమెందుకు?" అనేవారు మనలో వున్నారు. జ్వరం వస్తే మందు వేసుకొంటున్నాం కదా! మన ప్రాణం మనకు అమానతు. వెనుక కూర్చున్న పసివాడి ప్రాణం అంతకంటే పెద్ద అమానతు. హెల్మెట్టు పెట్టుకొంటే తలకు దెబ్బతగిలే ప్రమాదం 69 శాతం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. 2019లో సవరించిన చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్టు వుండాలి. వెనుక చక్రానికి బట్టలు చుట్టుకోకుండా అడ్డు వుండాలని నిబంధన వుంది. అందంగా లేదని ఆ అడ్డును ఊడదీయించే కుర్రవాళ్లు, అమ్మ బురఖా అంచు, చెల్లెలి దుపట్టా ఎక్కడ వేలాడుతున్నాయో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి.

ఇక మనుమడి మాట. కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు, అల్లుళ్లకు మా మనవి ఇది. నాన్న చేతిలోంచి తాళం లాక్కోకండి. లాక్కొంటే ఆయన పక్కింటివాడి బండి అడిగి తీసుకొనిపోతాడు. మేము అట్లా చేసినవాళ్లమే. మీరు కూర్చొని ఒక కాగితం మీద రాయండి. పిల్లవాడిని బడికి ఎవరు దింపాలి, సంతకు ఎవరు వెళ్లాలి, శుక్రవారం నమాజుకు ఆయన ఎట్లా వెళ్లాలి, మందులు ఎవరు తేవాలి. ప్రతి పనికీ ఎదురుగా ఒక పేరు రాసిన తరువాత తాళం అడగండి. ఆర్టీసీ బస్సులో అరవై దాటినవారికి 25 శాతం రాయితీ వుంది. షేరు ఆటోలు వున్నాయి. వాటికయ్యే పది రూపాయలకు ఆయన మీ దగ్గర చెయ్యి చాపే పరిస్థితి పెట్టకండి. పొద్దున్నే డబ్బు ఆయన జేబులో వుండేటట్టు చూడండి. బండి దిగడం ఆయనకు కష్టం కాదు. ఇంట్లో ఎందుకూ పనికిరానివాడైపోవడం కష్టం.

సంఘానికి కూడా ఒక సూచన. ఇంతకాలం మేము చేసిన తిరుగుడు ఎవరో ఒకరు చేయాలి. వారానికి రెండు గంటలు ఇవ్వగల కుర్రవాళ్ల పేర్లు ఈ రోజే రాసుకొందాం. వాళ్లు బండి నడుపుతారు. దారులు, ఇళ్లు, ఎవరికి ఏ అవసరమో మేము చెబుతాము. సంవత్సరానికి ఒకసారి పెద్దలకు కంటి పరీక్ష పెట్టి, ఆ 25 మీటర్ల టేపు కూడా పట్టుకొద్దాం.

ఆఖరిగా ఒక మాట. ఆ పిల్లవాడిని ఇప్పుడు బడికి దాదానే తీసుకొని వెళుతున్నారు, ఆటోలో. దిగి కొంచెం దూరం ఇద్దరూ నడుస్తారు. బండి మీద పోయేటప్పుడు వాడి మాటలు గాలిలో కలిసి పోయేవని, ఇప్పుడన్నీ వినబడుతున్నాయని ఆయన మాతో అన్నారు.

 రాత్రయింది, బండ్ల మీద వచ్చినవాళ్లు నెమ్మదిగా వెళ్లండి. ఖుదా హాఫిజ్.