అద్దె కారుకు సొట్ట



కారు అద్దెకు తెచ్చి మనమే నడుపుకుంటాం. అలాంటి కారుకు నల్ల పలక మీద పసుపు అంకెలుంటాయి. తిరిగి ఇచ్చేటప్పుడు "ఈ సొట్ట మీరే చేశారు" అంటాడు యజమాని. అడ్వాన్సు ఇవ్వనంటాడు. నోరు చేసుకుంటే డబ్బు వస్తుందా? రుజువు కావాలి గదా!

తాళంచెవి తీసుకోకముందే కారు చుట్టూ తిరగండి. వంగి కింద కూడా చూడండి. సెల్‌ఫోనుతో ఫోటోలు తీయండి. పాత సొట్టలు, గీతలు కాగితం మీద రాయించి, అతని సంతకం తీసుకోండి. ఆ కాగితం మీరే చదవండి. చదవడం మనకు ఇప్పుడు వచ్చు గదా! తిరిగి ఇచ్చేటప్పుడూ వెలుతురులో, అతని ఎదుటే ఫోటోలు తీయండి.

సొట్ట మనదే అయితే ఇవ్వాల్సిందే. కానీ మరమ్మతు బిల్లు చూపమనండి. ఇన్సూరెన్సు సంగతీ అడగండి.

వినకపోతే 1915కు ఫోను చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 2 ఏళ్లలోపు ఫిర్యాదు ఇవ్వవచ్చు. మనం కట్టిన అద్దె 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు ఫీజు లేదు.