తెరచి మూసిన కంప్యూటరు మరల లేవనప్పుడు

(సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నేను ఇంజనీరును కాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవాడను. అయినను ఈ విషయమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరుటకు కారణము కలదు. కొన్ని నెలలుగా చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురములలోని మనవారి యిండ్లనుండియు, అంగళ్లనుండియు నాకు వచ్చు ఫోనులలో ఒకే మాట వినబడుచున్నది: "అన్నా, కంప్యూటరు పోయింది."

మన భాషలో "పోవుట" అను క్రియ కడు విశాలమైనది. కరెంటు పోవును, పరువు పోవును, ప్రాణము పోవును. అన్నింటికిని ఒకటే మాట. కంప్యూటరు విషయమున మాత్రము ఈ మాట మనకు చేటు చేయుచున్నది. పోయినదని తేల్చుకొనగానే దానిని సంచిలో పెట్టుకొని రిపేరు చేయువారి యొద్దకు పరుగెత్తుదుము. వారు చెప్పినదానికెల్ల తల యూపుదుము. నిజమునకు అది ఎక్కడికిని పోయి యుండదు. మన చేయి తగిలి వదులైన తీగయో, గాడిలో సరిగా కూర్చుండని ముక్కయో తరచుగా కారణమై యుండును.

ఈ ఫోనులు ఇప్పుడే పెరుగుటకు హేతువు లేకపోలేదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు ముగిసినది. క్రొత్త యంత్రము కొనవలెనా, ఉన్నదానినే బలపరచుకొనవలెనా అను ఆలోచన ప్రతి అంగడిలోను వచ్చినది. మన కుర్రవాండ్రు బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి ర్యామును, ఎస్.ఎస్.డి.ని తెచ్చి, వీడియో చూచి, స్క్రూడ్రైవరు పట్టుచున్నారు. నేను దీనిని తప్పు పట్టను. చేతిపని నేర్చుకొనుట మంచిదే. ర్యాము పెంచినంతనే విండోస్ 11 వచ్చునని మాత్రము అనుకొనకుడు. ప్రాసెసరు ఏ తరమునకు చెందినదో, టి.పి.ఎం. 2.0 కలదో లేదో అది విచారించును.

ఇక మన భయమంతయు యంత్రము గూర్చి కాదు, లోపలి లెక్కలను గూర్చి. పెద్దలకాలపు ఖాతాపుస్తకములు బీరువాలో నుండెడివి. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చినది మొదలు మనలో చిల్లర వర్తకులు సైతము ట్యాలీ వంటివానికి మరలిరి. ఆ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీనుండి 72 నెలలు భద్రపరచవలెనని చట్టము. బాగేపల్లిలో మనవారి అంగడి యొకదానిలో జరిగినది వినుడు. ర్యాము మార్చిన పిదప తెర నల్లబడెను. రిటర్ను గడువు దగ్గరపడుటచే యజమాని తొందరపడి యంత్రమును రిపేరుకు అప్పగించెను. ఆ రిపేరు చేసినవారు ర్యామును సరిచేసినది చాలక, డిస్కును ఫార్మాటు చేసి క్రొత్తగా విండోస్ వేసి యిచ్చిరి. యంత్రము చక్కగా లేచెను. ఆరేండ్ల లెక్కలు లేకపోయెను. పొయ్యి మండనందుకు బియ్యపు డబ్బాను బోర్లించిన చందముగా నున్నది. ర్యాముకును, ఎస్.ఎం.పి.ఎస్.కును వచ్చిన లోపమునకు డిస్కును తుడువవలసిన పని యేమియు లేదు. యంత్రము లేవకున్నను డిస్కులోని లెక్కలు సాధారణముగా భద్రముగనే యుండును. దానిని ఊడదీసి, యు.ఎస్.బి. కేబులుతో మరియొక కంప్యూటరుకు తగిలించి ప్రతి తీసికొనవచ్చును. రిపేరుకు ఇచ్చునప్పుడు "మా అనుమతి లేక ఫార్మాటు చేయరాదు" అని చీటీమీద వ్రాసి యంత్రమునకు అంటించి ఇండు.

ఇప్పుడు అసలు పరీక్షకు వత్తము. "పోయినది" అను మాటను విడిచి మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీపము వెలుగుచున్నదా? ఫ్యాను తిరుగుచున్నదా? తెరమీద అక్షరము లేమైన వచ్చుచున్నవా? ఈ మూడింటికి ఉత్తరములు చెప్పినచో బెంగుళూరునందలి మేనల్లుడు సైతము ఫోనులోనే సగము పని చక్కబెట్టగలడు. యంత్రముతో వచ్చిన పుస్తకము ఇంగ్లీషులో నుండును, రిపేరు చేయువారు కన్నడములోనో హిందీలోనో మాటలాడుదురు, మనకేమి తెలియునని వెనుదీయనక్కరలేదు. కన్నులు, చెవులు చెప్పినది చెప్పిన చాలును.

దీపము లేదు, ఫ్యాను లేదు, సద్దే లేదు. అట్లైన గోడనుండి మొదలిడుడు. యు.పి.ఎస్. బ్యాటరీ నీరసించియున్నదేమో, దానిని ప్రక్కనబెట్టి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడుడు. శివనసముద్రమునుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు 1902లోనే వచ్చినది, 2007 వరకు మనమును ఆ కోలారు జిల్లావారమే. అయినను మన వీధుల వోల్టేజి ఎత్తుపల్లములు మీరెరిగినవే. పెట్టె వెనుక ఎస్.ఎం.పి.ఎస్.కు చిన్న మీట యుండును. దానిపై గీతయు, సున్నయు నుండును; గీతవైపు నొక్కియున్ననే కరెంటు లోపలికి పోవును. తెరచునప్పుడు జాగ్రత్తకై ఆ మీటను ఆర్పి, మూసిన పిదప వెలిగించుట మరచినవారు నలుగురైదుగురు నాకు తెలియును. అదియు సరిగనున్నచో మదర్‌బోర్డుకు పోవు 24 సూదుల పెద్ద ప్లగ్గును, ముందరి పవరు బటను నుండి వచ్చు సన్నని తీగల జంటను చూడవలెను. ఈ సన్నతీగ చేయి తగిలినంతనే ఊడును.

దీపము కలదు, ఫ్యాను తిరుగును, తెర మాత్రము నలుపు. సామాను మార్చిన పిదప మనవారికి ఎక్కువగా ఎదురగునది ఇదియే. మొదట మానిటరు కేబులు. పెట్టెలో ప్రత్యేకముగా గ్రాఫిక్సు కార్డు వేసినచో, కేబులును మదర్‌బోర్డు రంధ్రమున కాక ఆ కార్డు రంధ్రముననే పెట్టవలెను. పిమ్మట ప్రాసెసరు సమీపమున నుండు 4 లేక 8 సూదుల చిన్న ప్లగ్గు. పెద్ద ప్లగ్గు పెట్టి దీనిని మరచినచో ఫ్యాను తిరుగును గాని యంత్రము ఆలోచింపదు. వీని తరువాత ర్యాము. చింతామణిలో పట్టుగూళ్ల వ్యాపారము చేయు ఒక కుటుంబమున చిన్నవాడు రెండవ ర్యాము ముక్కను వేసెను. తెర రాలేదు. క్రొత్తదే చెడ్డదని తీసివేసెను. అప్పటికిని రాలేదు. మూడుదినము లింట అందరికిని తిండి సహింపలేదు. క్రొత్తదానిని నొక్కునప్పుడు ప్రక్కనున్న పాతది ఒకవైపు పైకి లేచియుండెను! దానిని తీసి, బంగారుపూత పూసిన అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు కొనలయందలి కొక్కెములు టిక్కుమనువరకు నొక్కగానే తెర వెలిగెను. క్రొత్త ముక్కయు పిదప అట్లే కూర్చుండెను.

ర్యాము కొనునప్పుడే రకము చూచుకొనవలెను. డి.డి.ఆర్.3కు 240 కాళ్లు, డి.డి.ఆర్.4కు 288 కాళ్లు. నడుమనుండు గంటు చోటును వేరు. ఒకదాని గాడిలో మరియొకటి పట్టదు. పట్టనిదానిని బలముతో నొక్కిన గాడియే పగులును. రెండు ముక్కలున్నచో ఒక్కొక్కదానినే వేసి చూడుడు. దోషి యెవరో తేలును. కొన్ని యంత్రములు ర్యాము దొరకనప్పుడు కూతవేయును. ఆ కూతల నెన్నిమారులు, ఎంతసేపు అని లెక్కించి వ్రాసికొనుడు. క్రొత్తవగు డి.డి.ఆర్.5 యంత్రములు ర్యాము మార్చిన మొదటిసారి కొన్ని నిమిషములు నల్లతెరతోనే యుండి తమలో తాము సరిచూచుకొనును. వానికి ఓపిక పట్టవలెను. ఫ్యాను క్షణకాలము తిరిగి ఆగి, మరల తిరిగి ఆగుచున్నచో మాత్రము ఓపిక వలదు, వెంటనే ప్లగ్గు తీయుడు. జారిపడిన స్క్రూ యొకటి బోర్డు క్రింద చేరి యుండవచ్చును. పెట్టెను వంచి కదల్చి వినుడు.

తెరమీద అక్షరములు వచ్చి, విండోస్ మాత్రము రానిచో సంతోషింపుడు. యంత్రము బ్రదికియున్నది, డిస్కును కనుగొనలేకున్నది, అంతే. డిస్కు కేబులు రెండు కొనలును నొక్కుడు. క్రొత్త ఎస్.ఎస్.డి. ఖాళీది; దానిలో విండోస్ ఎక్కింపక యంత్రము లేవలేదనుట న్యాయము కాదు. కొన్ని ల్యాప్‌టాపులు సామాను మార్చిన వెంటనే 48 అంకెల తాళపుసంఖ్య నడుగును. బెదరకుడు, ఫార్మాటుకు ఒప్పుకొనకుడు. యజమాని మైక్రోసాఫ్టు ఖాతాలో ఆ సంఖ్య సామాన్యముగా దాచబడియుండును. వేరొక ఫోనునుండి ఆ ఖాతా తెరచి చూడవచ్చును.

ప్రతిసారి మూత తీయుటకు ముందు ప్లగ్గు తీసి, పవరు బటనును పదిసెకనులు నొక్కి పట్టుడు. లోపల మిగిలిన విద్యుత్తు చాలవరకు దిగును. పెట్టె యినుమును చేతితో తాకుడు. మనది పట్టునాడు, శిడ్లఘట్ట గూళ్లమార్కెట్టు మన జిల్లాలోనిదే. పట్టు రాపిడికి పుట్టు విద్యుత్తు మన చేతికి తెలియకనే చిప్పును చంపగలదు గనుక, పెండ్లికి పోవు పట్టుబట్టలతో ఈ పనికి కూర్చుండకుడు. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసినను దానిలోని కెపాసిటర్లు ప్రమాదకరమైన విద్యుత్తును పట్టుకొనియుండును. కాలిన వాసన వచ్చినచో అక్కడితో మన పని ఆగవలెను, తెలిసినవారిని పిలువవలెను.

ఒకేదినమున ర్యాము, డిస్కు, ఫ్యాను మూడును మార్చువారికి నా మనవి యొకటి. ఒకటి మార్చుడు, మూతపెట్టకయే వెలిగించి చూడుడు, ఆర్పి రెండవది మార్చుడు. లేవనిచో కడపట చేసినదానిని మొదట విప్పుడు.

ఇన్ని చేసినను లేవనిచో బోర్డుమీది గుండ్రని బిళ్లబ్యాటరీని, సి.ఆర్.2032 అనునది, కొన్ని నిమిషములు తీసి మరల పెట్టి చూడవచ్చును. పాత అమరికలు చెరిగి యంత్రము మొదటికి వచ్చును. అప్పుడు దాని తేదీయు ఏనాటికో వెనుకకు పోవును. బ్యాంకు, జి.ఎస్.టి. సైటులు తెరచుకొనవు, బిల్లులమీద తప్పు తేదీ పడును. కనుక యంత్రము లేచిన సంతోషములో మొదటి బిల్లు కొట్టకమునుపు తెర మూలనున్న తేదీని సరిచేయుడు.