పలుకరింపును ప్రకటనయు

(పఠనమందిరమున మేము చేసిన ప్రసంగము)



పత్రికలవారు ప్రకటనలను విమర్శింపబూనుట కూర్చున్న కొమ్మను నరుకుకొనుట వంటిదని మీలో కొందరు నవ్వవచ్చును. నవ్వుడు, మాకభ్యంతరము లేదు. మన పత్రికాచరిత్రయే ఒక తలనొప్పి మందుతో ముడివడియున్నది. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. ఆ వర్తకము నిచ్చిన బలముతోనే 1908లో అచ్చట ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసున దినపత్రిక గావించిరి. సంగీతసభలలో ఆ యంజనమును ఉచితముగ పంచిపెట్టెడివారని ప్రతీతి. కావున ప్రకటనపై మాకు పగలేదు.

అయితే ఆనాటి ప్రకటనకు ఒక మర్యాద యుండెడిది. అది తన గడిలో తాను కూర్చుండెడిది. చుట్టును గీత, పైన సరకు పేరు, క్రింద అంగడి చిరునామా. ఇది అమ్మువాని మాట యని చదువరి యెరుగును. అందు అబద్ధములు లేవని మేమనము. సర్వరోగహరములని చెప్పుకొను లేహ్యములకు పత్రికలు చోటిచ్చినవి. వాని నరికట్టుటకే 1954లో ప్రత్యేక శాసనము చేయవలసి వచ్చినది. కాని ఆ అబద్ధము ఊరందరికి ఒక్కటే. ఇట్టి మందిరములలో ఒకడు చదువగా పదుగురు విని, “ఇది బూటకమురా” యని తేల్చివేయుటకు వీలుండెడిది.

నేడా గీత చెరిగిపోయినది. ఫేసుబుక్కు తెరచినచో మేనకోడలి పెండ్లి చిత్రము, దాని క్రింద చీరల యంగడి, దాని క్రింద బాల్యమిత్రుని పలుకరింపు. అన్నిటికి ఒకే కొలత, ఒకే రూపు. ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాపులకు యజమానియైన మెటా సంస్థకు 2023లో వచ్చిన రాబడి సుమారు 13,490 కోట్ల డాలర్లు. అందు నూటికి 97 పాళ్లకు పైగా ప్రకటనల వలననే. మనమొక కానియైనను చెల్లింపలేదే, ఈ ధనమెక్కడిది? మనము ఏ బొమ్మకడ ఎంతసేపు నిలిచితిమో, ఏ యూర నున్నామో, దేనిని మెచ్చితిమో లెక్కగట్టి, మన కన్నులయెదుటి చోటును వేలము వేయుచున్నారు. రెప్పపాటులో వేలము ముగియును. ప్రక్కయింటివాడు చూచు ప్రకటన వేరు, మనము చూచునది వేరు. ఇక పదుగురు కూడి దేనిని ఖండింతురు?

మేలు లేదనుట అన్యాయము. మంగళగిరిలోను పోచంపల్లిలోను నేతపనివారు కొందరు దళారి నడుగకయే తమ చీరల చిత్రములను వాట్సాపున పంపి అమ్ముకొనుచున్నారు. అది మాకు సంతోషమే.

ధనము గాని, సరకు గాని పుచ్చుకొని మెచ్చువారు ఆ సంగతి స్పష్టముగ చెప్పవలెనని భారత ప్రకటనా ప్రమాణ మండలి 2021లో నియమము చేసినది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖయు నట్లే పలికినది. మంచిదే. కాని కానియైనను పుచ్చుకొనక, ప్రేమచేతనే పంపు బంధువునకు ఏ నియమము వర్తించును? అయినవారి నోట వచ్చిన మాటను మనము పరీక్షింపము. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వట్టిమాట ఇట్లే వాట్సాపున పరువెత్తి, దేశమున పలుచోట్ల నిరపరాధుల ప్రాణములు దీసినది. ఒకసారికి అయిదు చోట్లకు మించి ఒక సందేశమును ముందునకు పంపరాదను హద్దు ఆ యేడే మనదేశమున పెట్టిరి. ఈ నమ్మకపు విలువ వర్తకు లెరుగరా?

మొన్న మా పెదతండ్రిగారు మధుమేహమునకు ఒక కషాయపు సంగతి మాకు పంపిరి. ప్రతిదినము వేయుచున్న మాత్రలను మానవచ్చునని అందున్నది. ఎవరు చెప్పిరని అడిగితిమి. “మన వియ్యంకుడే పంపెనురా, పరాయివాడా?” అనిరి. వియ్యంకునకు ఆయన తోడి యుద్యోగి పంపెనట. ఆ యుద్యోగికి ఎవరు పంపిరో ఎవ్వరికిని జ్ఞప్తి లేదు. చివర ఒక ఫోను నెంబరున్నది, సీసా వెలయు నున్నది, చూచితిరా యంటిమి. పెదతండ్రిగారు లేచి లోపలికి పోయి కండ్లజోడు తెచ్చుకొనిరి.